చెరువుగట్టు మీద పదకొండు బొరియలు

1986 మార్చి తొమ్మిది, ఆదివారం, ఉదయం ఆరుంబావు. కొత్తగూడెంలో మా క్వార్టర్ల వెనక చెరువుగట్టు మీద ఒక పసిరిక పిట్ట ముక్కుతో మట్టి తవ్వుతుండగా చూశాను. అరచేతిలో ఇమిడే పచ్చని పిట్ట, తోక మధ్యలో సూదిలాంటి ఈక. గాలిలో తేనెటీగను పట్టుకుని, కరెంటు తీగకేసి కొట్టి మింగుతుంది. చెట్టు మీద గూడు కట్టదు. నేలలో బొరియ చేసి గుడ్లు పెడుతుంది.

ఆ ఏడాది ఆ గట్టును పార్కుగా మారుస్తున్నారు. టికెట్ల గది, సిమెంటు బెంచీలు, మరుగుదొడ్లు, పడవ ఎక్కడానికి మెట్లు. మెట్ల కోసం గట్టును ఒక పక్క నిలువుగా కోశారు. లోపలి మట్టి మెత్తగా ఉండటంతో పిట్టలకు ఆ చోటే నచ్చింది. మార్చి ఆఖరుకు అక్కడ పదకొండు బొరియలయ్యాయి. మే ఒకటిన పార్కు తెరుస్తారు. ఆలోగా ఆ కోతకు రాయి కట్టాలి. రాయి కడితే లోపలివి లోపలే.

కాంట్రాక్టరు తరఫున పని చూసే ఇంజనీరును కలిశాను. గుంటూరు వైపు మనిషి, కుర్రవాడు.

"మే పదో తారీఖు దాకా ఈ పది గజాలు వదిలెయ్యండి. పిల్లలు ఎగిరిపోతాయి. తరవాత మీ ఇష్టం."

"అలాగేనండి టీచరుగారూ. దానికేం భాగ్యం!"

నాకు నమ్మకం కలగలేదు. అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. అడిగిన వెంటనే తల ఊపే పిల్లవాడు మర్నాడు హోంవర్కు తేడని నాకు తెలుసు. పైగా రాళ్ళ లారీలు వస్తూనే ఉన్నాయి. కుప్ప ఆ కోతకు దగ్గరగానే పెరుగుతోంది.

ఆ రోజు నుంచి బడికి వెళ్ళేముందు గంటసేపు కాపలా కాశాను. మా అన్నయ్య ఇచ్చిన పాత దుర్భిణితో దూరంగా ఒక బెంచీ మీద కూర్చునేదాన్ని; దగ్గరికి పోతే పిట్టలు బెదురుతాయి. చెరువులో నీటికోళ్ళు, ఒడ్డున కొంగలు, టికెట్ల గది కప్పు మీద లకుముకి. వాటి మీద నా చూపు నిలిచేది కాదు. మేస్త్రీ తాడు పట్టుకున్నా, ఎవరైనా తట్ట దించినా దుర్భిణి అటే తిప్పేదాన్ని. అందరికంటే పార్కు వాచ్‌మన్ మీద ఎక్కువ అనుమానం. అతను ఎప్పుడూ గడ్డపార పట్టుకుని తిరిగేవాడు.

ఒకరోజు అతనే వచ్చి అడిగాడు. "టీచరమ్మా, పిట్టలను జూసుడు సరే, నన్నెందుకు జూస్తున్నరు? నాకేమన్న రెక్కలొచ్చినయా?"

"గడ్డపార ఎందుకు?"

"కుక్కలున్నయి గదా. మీ దుర్భిణి జూస్తే అవి భయపడతయా ఏంది?"

బడి పిల్లలకు మాత్రం పిట్టల సంగతి చెప్పలేదు. బొరియలో పిట్ట ఉందని తెలిస్తే చెయ్యి పెట్టకుండా ఉండే పిల్లవాడు మా బడిలో ఒక్కడూ లేడు. "అటు వెళ్ళకండి" అన్నాను. ఎందుకని అడిగితే, "వెళ్ళొద్దన్నానా" అన్నాను.

ఏప్రిల్ పదకొండు, ఉగాది మర్నాడు, శుక్రవారం. రెండు బొరియల కింద తెల్లటి చారలు కనిపించాయి. సున్నపు నీళ్ళనుకున్నాను. రాయి కట్టబోమని మాట ఇచ్చారు, సున్నం పొయ్యబోమని ఇవ్వలేదు కదా! మంగళవారానికి చారలు మరో రెండింటి కింద కనిపించాయి. వాచ్‌మన్‌ని నిలదీస్తే, "నాకు ఎరుక లేదమ్మా, పొద్దుగాల నేను గేటు కాడ ఉంటా" అన్నాడు. ఆ జవాబు ముందే సిద్ధం చేసుకున్నట్టు తోచింది.

మళ్ళీ శుక్రవారం తెల్లవారకముందే వెళ్ళి టికెట్ల గది చాటున నిలబడ్డాను. వెలుగు వచ్చేసరికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నడుస్తున్నది మా పక్క క్వార్టరు ఆమె. చేతిలో చెంబు, పళ్ళెంలో పసుపు, కుంకుమ, చలిమిడి ముద్దలు. ఒక్కో బొరియలో పాలు పోసి, దాని నోట్లో చలిమిడి పెట్టి దండం పెట్టుకుంటోంది.

"ఏం చేస్తున్నావమ్మా!" అని అరిచాను.

"గట్ల ఒర్లకండి టీచరమ్మా, పాము బయటకొస్తది."

"ఏ పాము?"

"మీకు ఎరుక లేనట్టు! నెల సంది దుర్భిణి పెట్టుకొని జూస్తున్నరు. పిల్లలను ఇటు రానిస్తలేరు. లోపల పాములు లేకుంటే గంత కాపలా ఎందుకు?"

రెండో ఆమె అందుకుంది. "రేపు పార్కు తెరిస్తే మా పిల్లలు ఈడనే ఆడుతరు. పాలు పోస్తే జోలికి రావని పోస్తున్నం."

"అవి పిట్టలు."

"పిట్టలు నేలల ఉంటయా?" అని మూడో ఆమె కిసుక్కున నవ్వింది.

అంతలోనే ఒక పసిరిక ముక్కున తేనెటీగతో వచ్చింది. చలిమిడితో మూసుకున్న బొరియ ముందు రెక్కలాడిస్తూ ఆగి, తీగ మీదికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. నవ్వినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో," అంది పక్కింటామె. "ముందుగాల ఒక్క మాట చెప్పొద్దా టీచరమ్మా?"

నేను తలపిన్నుతో ముద్దలు తీయడం మొదలుపెట్టాను. ముందటివారం పెట్టినవి గట్టిపడి ఉన్నాయి. వాటి చుట్టూ చీమలు బారులు తీరి లోపలికి పోతున్నాయి. పక్కింటామె ఇంటికి పరుగెత్తి పొయ్యిలో బూడిద తెచ్చి బొరియల చుట్టూ చల్లింది. వాచ్‌మన్ వచ్చి చూసి, "ఇగ నా మీద అనుమానం పోయినట్టేనా?" అన్నాడు. నేను తరవాతి బొరియ దగ్గరికి జరిగాను. బూడిద చల్లినవాటిలో ఒక్కదానిలోకి మాత్రం ఆ సాయంత్రం తల్లిపిట్ట దూరింది.

మే ఒకటిన పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు. చుట్టూ కొత్త రాతికట్టు. మధ్యలో పది గజాల పచ్చి మట్టి. ఇంజనీరు దానికి షామియానా గుడ్డ అడ్డం కట్టించాడు. ఆ పని ఎందుకు మిగిల్చావని పెద్దలు అందరి ముందూ కసిరితే తలవంచుకుని నిలబడ్డాడు. అయినా పదో తారీఖు దాకా నేను రోజూ వెళ్ళి గుడ్డ ఎత్తి చూశాను. పన్నెండున రాయి పడింది.

బొరియలు పదకొండు. పాలు, చలిమిడి పడినవి ఏడు. పిల్లలు ఎగిరినవి అయిదు: అవేవీ పడని నాలుగు, బూడిదతో దక్కిన ఒకటి. పోయిన గూళ్ళు ఆరు. వాటిలో గుడ్లెన్నో, పిల్లలెన్నో నేను చూడలేదు కనుక రాయడం లేదు. రాతి పని వల్ల పోయినది ఒక్కటీ లేదు.