మామగారి చేపల తొట్టికి నేను వేసిన అతుకు

ఒక్క సిలికాన్ ట్యూబుతో పెళ్లి ఆపబోయినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. పూర్తిగా వింటే మీకే అలసట వస్తుంది. నాకు ఇప్పటికీ తీరలేదు.

తొంభైల చివర సంగతి. నాకు కొత్తగా పెళ్లయింది, ఉద్యోగం మదనపల్లెలో. మామగారు వెంకటరమణప్పకు పుంగనూరులో ఇంటి ముందుభాగంలోనే పట్టుచీరల అంగడి. అందులో నడుమెత్తు అద్దాల బీరువా, దాని నిండా చీరలు, దాని నెత్తిన చేపల తొట్టి. ఒక ఆదివారం నేనూ నా భార్య సుగుణా వెళ్లేసరికి ఆయన తొట్టి కింద పాతగుడ్డలు కుక్కుతున్నారు.

"కారతాండాదప్పా. రేపు ఎవురినన్నా పిలిపిస్తా."

"ఎవురో యాల మామా, నేనుండా గదా."

"మీకు ఈ పని వచ్చునా?" అంది సుగుణ.

"దీంట్లో వచ్చేదానికేముండాది?"

ఈ మాట అన్న ప్రతిసారీ నాకు ఏదో ఒకటి వచ్చింది. పని మాత్రం కాదు.

బజారుకెళ్లి సిలికాన్ ట్యూబు తెచ్చాను. చేపల్ని అత్తగారి ఇత్తడి గంగాళంలోకి మార్చాను. అందులో ఉన్నవి ఇంట్లోవాళ్లు తాగే నీళ్లని తర్వాత తెలిసింది.

"కొళాయి మళ్లా ఎప్పుడొస్తాదో ఆ చేపల్నే అడుగప్పా," అంది అత్త.

పాత సిలికాన్ గీకి తీయాలట. అంత ఓపిక ఎవరికి? దాని మీదే కొత్తది దట్టంగా పూశాను, పెళ్లికూతురి కాళ్లకు పసుపు పూసినట్టు. అంగడంతా పులిసిన వాసన. అంతటితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ట్యూబులో ఇంకా మిగిలింది. ఒకవేళ మళ్లీ కారితే చీరలు తడుస్తాయి కదా అనిపించింది. బీరువాకు ముందువైపున్న, పక్కకు జరిపే అద్దం తలుపుల చుట్టూ, వాటి నడిమి సందులో, మిగిలిందంతా నింపేశాను. నా ముందుచూపుకు నేనే ముచ్చటపడ్డాను.

మర్నాడు పొద్దున తొట్టి నింపి చేపల్ని వదిలాను. చుక్క కారలేదు. మామగారు నా భుజం తట్టారు. ఆ ఆనందంలో ఉండగానే రామకుప్పం నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. ఆ మరుసటి రోజే ముహూర్తం. వాళ్లు ముందే ఎంచిపెట్టుకున్న చీర ఆ బీరువాలోనే ఉంది.

మామగారు తలుపు జరిపారు. జరగలేదు.

"తాళమేసినావా అప్పా?"

"లేదు మామా. సిలికాన్ ఏసినా."

"తలుపులకా? యాల?"

"నీళ్లు దిగకుండా."

"మరి చీరలెట్ల తీస్తామనుకుంటివి?"

"ఎనకనుంచి తీస్తారేమో అనుకుంటి. మిఠాయి అంగడి మాదిరి."

"ఎనక గోడుండాదప్పా," అన్నారు మామగారు, చాలా నెమ్మదిగా.

బ్లేడు పెట్టి కోశాను. బ్లేడు విరిగింది. ఇంకొకటి పెట్టాను. సిలికాన్ రబ్బరులా సాగింది గానీ వదల్లేదు. పెళ్లికూతురి అవ్వ అద్దానికి ముఖం ఆనించి లోపలి చీరను చూస్తోంది.

"కనపడతానే ఉండాది గదప్పా," అంది. "పెండ్లి ఈడనే చేసేస్తే పోలా?"

మామగారు గుడ్డ కొలిచే ఇనప కడ్డీ తీసుకుని తలుపు మీద ఒక్కటిచ్చారు. అద్దం పగిలింది. ఆ అదురుకు తొట్టి మూలన నా అతుకు అరటితొక్కలా ఊడి వచ్చింది. అవ్వ చెయ్యి పెట్టి చీర లాగడం, ఆ చీర ఉన్న చోట నీళ్లు ధారగా పడడం ఒకేసారి జరిగాయి. పెళ్లిచీర ఒక్కటే పొడిగా బయటపడింది. చేపలు అడుగున మిగిలిన నీళ్లలో నోళ్లు తెరిచి నావైపే చూశాయి. అత్త గంగాళం తెచ్చి నా ముందు పెట్టింది.

పెళ్లివాళ్లు వెళ్లాక మామగారు తడిచీరలు ఆరేస్తూ కూతుర్ని పిలిచారు.

"అమ్మా సుగుణా, యాడన్నా ఏదన్నా కారతాంటే నాకు చెప్పు, మీ అమ్మకు చెప్పు. ఈయప్పకు మాత్రం చెప్పొద్దు."

ఆ తడిచీరల మధ్య నిలబడే నేను ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ భూమ్మీద ఏది కారినా, ఎక్కడ కారినా, నేను దాని కింద బకెట్టు పెట్టి, పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడతాను.