ఒడ్డున విన్న ప్రార్థన

మొన్న ఆదివారం మా చర్చి కుర్రాళ్ళంతా ఒకేరకం చొక్కాలు వేసుకుని, ఏసీ బస్సెక్కి 'మిషన్ ట్రిప్' అంటూ బయలుదేరుతుంటే, చెయ్యి ఊపుదామని వీధిలోకి వచ్చిన నేను అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. తొంభైలలో మేం దాన్ని సువార్త యాత్ర అనేవాళ్ళం. ఆ మాట వింటే నాకు ఈనాటికీ ముందు గోదావరి నీళ్ళే గుర్తొస్తాయి.

అప్పుడు నేను రాజోలు దగ్గర ఒక బడిలో కొత్తగా చేరిన పంతులమ్మని. అన్నయ్య హార్మోనియం వాయిస్తే నేను పాడేదాన్ని. పాటలన్నీ కంఠతా వచ్చు, ప్రార్థనలూ అంతే, ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసేదాన్ని. వేసవి సెలవుల్లో పాస్టరుగారు, వారి భార్య, అన్నయ్య, నేను గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక మత్స్యకారుల పల్లెకి నాటుపడవ మీద వెళ్ళాం. రేవు కనిపిస్తోంది, ఒడ్డున ఆరేసిన వలలు కూడా కనిపిస్తున్నాయి, అంతలో పడవ ఇసుకమేటకి తగిలి ఒక పక్కకి ఒరిగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఒడ్డున ఉన్నాను. నుదుట ఇంత కుంకుమ పెట్టుకున్న ఒకావిడ నన్ను జడ పట్టుకుని ఈడ్చుకొచ్చిందట. పాస్టరుగారు, వారి భార్య, పడవ నడిపేమనిషి ఒడ్డెక్కారు. అన్నయ్య లేడు. హార్మోనియం కోసం చెయ్యి చాచాడనీ, నీళ్ళు సముద్రంవైపు లాగేస్తున్నాయనీ పడవమనిషి అంటుంటే వింటున్నానే గాని, ఒక్క ముక్కా నాలోకి వెళ్ళలేదు. ఏడుపు రాలేదు. కంఠతా వచ్చిన ఆ ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ దేవుణ్ణి అడగండి మరి, పాస్టరుగారూ," అందావిడ.

ఎంతసేపైనా అలవోకగా ప్రసంగించే ఆయన తల రెండు చేతులా పట్టుకుని కూలబడ్డారు. ఆవిడ ఆయన్ని చూసి, నా పక్కన తడి ఇసకలో చతికిలబడి, ఏటికి అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

"యేసుబాబూ, నువ్వెవరో నాకు తెలీదయ్యా. మాకు మా గంగమ్మ తల్లుంది. ఈ పిల్ల మటుకు నీ మనిషంట. దీని అన్న నీళ్ళల్లో ఉన్నాడు. మా ఆయన పడవేసుకుని ఎల్లేడు, కాస్త దారి చూపించు బాబూ. గంగమ్మా, నువ్వూ ఓ చెయ్యెయ్యి తల్లీ."

నేను నిర్ఘాంతపోయాను. నాకు తెలియకుండానే నా నోట 'ఆమేన్' అని వచ్చింది. అన్నాళ్ళూ ఎన్నోసార్లు పలికిన మాటే, కాని నిజంగా అనుకుని అనడం అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. "దొరికేడమ్మా! ఆయ్, బతికే ఉన్నాడు!" అని ఆవిడ భర్త దూరం నుంచే కేకేశాడు. వల కట్టే గుంజ ఒకటి కౌగిలించుకుని అన్నయ్య అంతసేపూ నీళ్ళలోనే నిలబడ్డాడట. గుండెలంతా చెక్కుకుపోయి, పలకరిస్తే గొంతు రాని అన్నయ్యని చూసి, అప్పుడు ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చాను.

అన్నయ్యకి జ్వరం తగ్గేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. గంజి ఆవిడే పట్టింది, చేపల పులుసు ఆవిడే వండింది. సువార్త చెప్పడానికి వెళ్ళిన మేం ఆ పల్లెలో ఒక్క ప్రార్థన కూటమైనా పెట్టకుండానే తిరిగి వచ్చాం.

తర్వాత ఆవిడ నాకు అక్క అయింది. నా పెళ్ళికి ఎండురొయ్యలు మూటకట్టుకుని వచ్చి, చర్చిలో ముందు బల్ల మీద కుంకుమబొట్టుతో దర్జాగా కూర్చుంది. వాళ్ళమ్మాయి పురిటికి అమలాపురం ఆసుపత్రిలో నేను తోడున్నాను. ఆవిడ దేవుణ్ణి మార్చుకోలేదు, మార్చుకోమని నేనూ అడగలేదు. కిందటేడు అక్క పోయింది. వాళ్ళ ఇల్లున్న చోటు అంతకుముందే ఏట్లో కలిసిపోయింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరి పాటలు వారివి, ఎవరి మైకులు వారివి. పక్కింటివాళ్ళ కోసం, పక్కింటివాళ్ళ దేవుణ్ణే అంత చనువుగా పిలిచి అడిగే మనిషిని చూసి చాలా ఏళ్ళయింది.