నా మీద దయ మేడంకి పోయింది

నిన్న నేను నౌకరీ ఇడిసిపెట్టాల్సింది. ఏమైందో చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి, నాకు గూడ నవ్వే వస్తుంది.

నేను దవాఖాన్ల కౌన్సెలర్‌ని గదా. పొద్దుగాల నుంచి పొద్దూకెదాంక మంది బాధలు వినుడే పని. ఈ మధ్య కూసుంటె కూసోబుద్ధి కాదు, పంటె నిద్ర రాదు. ఎవరన్న "మేడం, జర మాట్లాడాలె" అంటే చాలు, గుండె దడదడ. జల్‌పల్లిల మా అన్నకి డెయిరీ ఉన్నది. "వచ్చి కౌంటర్ల కూసో చెల్లె" అంటున్నడు. బర్రెలు మస్తు నయం, ఒక్కటి గూడ చిన్నప్పటి బాధలు చెప్పదు.

రాజీనామా టైప్ చేసి పెట్టుకున్న గానీ ఇయ్యనీకె ధైర్యం వస్తలే. పేషెంట్లని నడుమ ఇడిసిపోతున్ననని లోపల ఒకటే లొల్లి. మేము అందరికీ చెప్తం గదా, దోస్తుకి చెప్పినట్టు మీకు మీరే ప్రేమగ చెప్పుకోండి అని. నేనెందుకు చేయొద్దనిపించింది. మొన్న సాయంత్రం దబీర్‌పురాల ట్రెయిన్ ఎక్కి, వాట్సాప్‌ల నాకు నేను పంపుకునే చాట్ నొక్కి, ఆడియో పెట్టిన.

"నువ్వు మస్తు అలిసిపోయినవ్ బంగారం. నువ్వేం తప్పు చేస్తలేవ్. ఫికర్ చెయ్యకు, ఇడిసిపెట్టు ఈ నౌకరీ."

నా కండ్లల్ల నీళ్లు. మనసు హల్కా అయింది. యాకుత్‌పురా దాటినంక ఫోన్ చూసిన. నేను నొక్కే టైంకే మా ఇన్‌చార్జ్ సరళ మేడం మెసేజ్ పెట్టినట్టుంది, ఆమె చాట్ పైకొచ్చింది. ఆడియో ఆమెకి పోయింది. వినేసింది గూడ.

డిలీట్ చేసి ఏం ఫాయిదా? రాత్రంత మంచం మీద ఇటు అటు పొర్లిన.

నిన్న పొద్దున పోంగనే మేడం నన్ను గట్టిగ పట్టుకొని ఏడ్చింది. "ఇన్నేండ్లల్ల నాకు గిట్ల ఎవరు చెప్పలే తల్లీ. నేను ఇడిసిపెడుతున్న."

"మేడం, అది మీకు గాదు..."

"నాకేనమ్మా, నాకే."

మధ్యాహ్నంకల్లా పెద్ద సార్ పిలిచిండు. "సరళమ్మ నీ పేరే చెప్పింది. ఇగ ఇన్‌చార్జ్ నువ్వే." కాదందామని నోరు తెరిచిన. బయట పేషెంట్లు నిండిపోయి ఉన్నరు. "సరే సార్" అన్న.

ఇప్పుడు స్టాఫ్ రాజీనామాలన్ని నా దగ్గరికే వస్తయ్. ఫస్ట్ నాదే చూసిన. కౌన్సెలర్లు దొరుకుతలేరని నామంజూర్ చేసిన.