ఎండలో తడిసిన గొర్రెలు

నోలా వంట ఎలా ఉంటుందని అడిగితే మా గ్యాంగులో ఎవడైనా నిజమే చెబుతాడు. మటన్ మాడుస్తుంది. కస్టర్డులో ఉండలు కడతాయి. టీ మాత్రం ఇనుప మేకు వేస్తే నిలబడేంత చిక్కగా పెడుతుంది. అయినా ఆమె లేకుండా మా మేస్త్రీ రోలీ ఏ షెడ్డుకూ ఒప్పుకోడు, ఒప్పుకున్నా మేం వెళ్లం. ఎందుకంటే భోజనాల దగ్గర ఆమె పుస్తకాలు చెబుతుంది.

మేం గొర్రెల షెడ్డుల్లో ఉన్ని కత్తిరించేవాళ్లం. ఆస్ట్రేలియాలోని రివరీనా మైదానాల్లో ఒక ఎస్టేటు తరవాత ఇంకో ఎస్టేటు తిరుగుతూ, రోజంతా గొర్రెల మీద వంగి వంగి, పొద్దు వాలేసరికి నడుములు పడిపోయి బల్ల ముందు కూలబడతాం. నోలా గరిటె చేత్తో పట్టుకునే మొదలుపెడుతుంది.

"ఈ వారం ఒక దొంగసచ్చినోడి కథ చదివాను, వినండ్రా."

మేం తింటూ వింటాం. ఆమె మాత్రం మా దవడల వంకే చూస్తుంటుంది. కథలో ఏ చోట నమలడం ఆపేస్తామో, ఆ చోట పుస్తకం బతికినట్టు లెక్క. చివరిదాకా మెత్తగా మేస్తూనే ఉన్నామంటే అది చచ్చిన పుస్తకమే. మర్నాడు దగ్గర్లో ఉన్న ఏదో మిట్ట మీదికి తన వ్యాను తోలుకుపోయి, సిగ్నల్ దొరికిన చోట ఫోన్లో ఇదంతా బ్లాగులో రాసేస్తుంది. దాని పేరు 'దవడ ఆగిన చోటు'. మార్కులూ చుక్కలూ ఏమీ ఉండవు. "పెళ్లి చెడిపోయే దగ్గర అందరి దవడలూ ఆగాయి, క్లెమ్‌ది తప్ప. వాడు తన పెళ్లి గుర్తొచ్చి ఇంకో ముక్క వేసుకున్నాడు" అని రాస్తుంది. ఆ క్లెమ్ నేనే. ఏం చేస్తాం, భరించాం.

నోలా నాన్నా ఉన్ని కత్తిరించేవాడే. పదిహేనేళ్లకు బడి మానేసింది. మొగుడు కెవిన్‌కు పుస్తకం కనబడితే ఒళ్లు మండేది. "ఇది కడుపు నింపుతుందా?" అంటూ పొయ్యిలో పెట్టేవాడట. ఆ సంగతి ఆమె నాకు ఒకసారి బంగాళాదుంపలు తరుగుతూ చెప్పింది.

"చదివేసినవి కాల్చినన్నాళ్లు ఊరుకున్నాను క్లెమ్. ఒకరోజు సగంలో ఉన్నది కాల్చాడు. అది చివరికి ఏమైందో తెలుసుకోవాలంటే ఇల్లు వదిలి పోవడం తప్ప నాకు దారి లేదు."

ఆ రోజే వ్యాను ఎక్కింది, మళ్లీ వెనక్కి చూడలేదు. తరవాత చాలా ఏళ్లకు కూతురు బ్లాగు పెట్టించింది. మొదట్లో చదివింది ఆ కూతురూ, కూతురి అత్తగారూ. తరవాత్తరవాత లారీ డ్రైవర్లు, గనుల దగ్గర వండేవాళ్లు, చుట్టూ ఇంకో ఇల్లు కనబడని ఎస్టేటుల్లో ఉండే ఆడవాళ్లు చదవడం మొదలెట్టారు. సిడ్నీ నుంచి ప్రచురణకర్తలు ఊరికే పుస్తకాలు పంపడం కూడా మొదలైంది. "ఊరికే ఇచ్చారని పొగడను, ముందే చెబుతున్నా" అని ఆమె జవాబు రాసేది. అట్ట మీద చొక్కా లేని మగవాడున్న నవలనైనా బల్ల మీద బోర్లించేది కాదు. వెల్లకిలా పెట్టి "సిగ్గెందుకు, వాడికే లేదు" అనేది.

ఇక మర్రంగా ఎస్టేటు సంగతి. మాకు ఏడాది మొత్తంలో అంత పెద్ద షెడ్డు ఇంకోటి లేదు. దాని యజమాని హ్యూ ఆల్డర్సన్. ఆయన భార్య ఫిలిప్పా ఒక నవల రాసింది. పెద్ద ఎస్టేటు, అందులో ఒక ఒంటరి దొరసాని, ఆమె గుర్రం, అదీ కథ. విడుదలకు ముందే ఒక కాపీ నోలాకు పోస్టులో వచ్చింది. మేం అప్పుడు వేరే షెడ్డులో ఉన్నాం. ఆమె ఎప్పట్లాగే చెప్పింది. మేం ఎప్పట్లాగే మేశాం. ఒక్కచోట మాత్రం విరెము ఫోర్కు కింద పెట్టాడు. విరెము న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావొరీ తెగ కుర్రాడు, మాలో అందరికంటే చేతి వేగం ఉన్నవాడు.

"ఆగక్కా. గుర్రం పేరేంటన్నావ్?"

"సుల్తాన్."

"కుక్కది?"

"బిస్కెట్. నీళ్ల ట్యాంకుకు కూడా పేరుందిరా, రాణీగారట."

"మరి షెడ్డులో వండిపెట్టే ఆవిడది?"

"అదేరా నేను చెప్పేది. లేదు. కథంతా తిరుగుతుంది, అందరి కన్నీళ్లూ తుడుస్తుంది, పేరు మాత్రం లేదు. 'వంటామె నవ్వింది. వంటామె తల ఊపింది.' చివర్లో వంటామె ఒక్క వాక్యంలో చచ్చిపోతుంది. గుర్రం చస్తే మూడు పేజీలు ఏడుపు."

బల్ల దగ్గర ఒక్క దవడ కదల్లేదు. నోలా ఇదంతా ఉన్నదున్నట్టు బ్లాగులో పెట్టింది. "దవడలు ఆగాయి, కానీ కోపంతో" అని చివర ఒక మాట కలిపింది. ఆ వారం అంతా జనం అదే చదివారు.

మర్రంగాలో దిగిన రెండోరోజు ఫిలిప్పా వంటగదికి వచ్చింది. నేను చేతికి కట్టు కట్టుకుందామని అక్కడే కూర్చుని ఉన్నాను.

"వంటామె నువ్వేనా?"

"నేనే. చెప్పండి." నోలా రొట్టె పిండి పిసుకుతోంది.

"నా పుస్తకం గురించి రాసింది కూడా నువ్వేనా?"

"చదివి రాసింది నేనే."

"శనివారం టౌన్ హాల్లో నా పుస్తకావిష్కరణ. ఆలోపు అది తీసెయ్. మా ఇంట్లో తింటూ మా మీదే రాతలా?"

"మీ ఇంట్లో తినడం లేదమ్మా నేను. వండుతున్నాను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆవిడ మొహం కందగడ్డలా చేసుకుని వెళ్లిపోయింది. గంట తిరక్కుండానే హ్యూ రోలీని పిలిపించాడు. రోలీ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలాడు.

"నోలా, ఆ ఒక్కటీ తీసెయ్యవే. లేకపోతే గ్యాంగును మొత్తం పొమ్మంటున్నాడు. ఈ షెడ్డు పోతే మనకు ఈ ఏడు లేనట్టే. అందరి కడుపు మీద కొట్టకు."

నోలా చేతులు తుడుచుకుంది. నాకు తెలుసు, తన ఒక్కదాని ఉద్యోగమైతే క్షణం ఆలోచించేది కాదు. ఇప్పుడు ఆలోచించింది. మా అందరి తిండి ఒకవైపు, తన మాట ఒకవైపు.

"నా నోటి వల్ల మీ పని పోకూడదు" అంది చివరికి. "నన్ను పంపెయ్ రోలీ. రాసింది మాత్రం ఉంటుంది."

"శనివారం దాకా తీసి, మళ్లీ పెట్టుకో. ఎవరొద్దన్నారు?"

"ఒక్క పూట కూడా తియ్యను. నా పుస్తకాలు ఒకడు కాల్చాడు. ఇప్పుడు నా రాత నేనే కాల్చుకోవాలా?"

సామాను వ్యానులో వేసుకుని టౌను బయట బండ్లు ఆపుకునే మైదానానికి వెళ్లిపోయింది. నేను టీ కప్పు పట్టుకుని దున్నపోతులా నిలబడ్డాను. అంతమందిమి ఉన్నాం, ఒక్కడూ అడ్డుపడలేదు. సిగ్గుచేటు.

మర్నాడు పొద్దున్న ఓట్స్ జావ రోలీ కాచాడు. గోడలకు పోస్టర్లు అంటించుకోవచ్చు దాంతో. షెడ్డులో గంట కొట్టారు. రెండు గొర్రెలు కత్తిరించాను. ఒక్కో గొర్రె మీంచి దుమ్ము లేచి ముక్కులో దూరుతోంది. నాకు కోపం నషాళానికి అంటింది. మిషను ఆపి చెయ్యెత్తాను.

"గొర్రెలు తడిగా ఉన్నాయి. ఓటు పెట్టాలి."

మా తాతల కాలం నుంచి ఉన్న కట్టుబాటు అది. తడిసిన గొర్రెలను కత్తిరిస్తే మాకు కీళ్లు పట్టేస్తాయి, ఒంటి మీద సెగగడ్డలు లేస్తాయి, ఉన్ని మూటలోనే కుళ్లుతుంది. అందుకని తలా రెండు గొర్రెలు కత్తిరించి చూసి, 'తడి' అనో 'పొడి' అనో చీటీ మీద రాసి టోపీలో వేస్తాం. తడి అని ఎక్కువమంది అంటే ఆ రోజుకు పని బంద్. యజమానైనా సరే, మేస్త్రీ అయినా సరే, నోరు మూసుకోవాల్సిందే. ఎవడు ఏం రాశాడని అడగడానికి కూడా లేదు.

షెడ్డులో అందరూ నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. వాన పడి ఏడు నెలలైంది. ముందుగా విరెముకు వెలిగింది.

"అవునవును, నాది కూడా తడిసి ముద్దయిపోయింది" అన్నాడు.

టోపీ తిరిగింది. రోలీ ఒక్కో చీటీ విప్పి చదివాడు. తడి. తడి. తడి. అన్నీ తడే.

"నన్ను చంపేస్తార్రా మీరు" అన్నాడు రోలీ గొంతు తగ్గించి. కానీ చీటీలను దాచలేదు.

హ్యూ జీపులో దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. "ఏ తడి? ఎక్కడి తడి? వాన మొహం చూసి ఎన్నాళ్లయింది?"

"మంచు కురిసింది సార్" అన్నాడు విరెము.

"నడి వేసవిలో మంచా?"

"అయితే చెమటై ఉంటుంది సార్. మీ గొర్రెలకు బెంగ ఎక్కువ."

హ్యూ ఒక గొర్రెను పట్టుకుని ఉన్ని విప్పి చూశాడు. దుమ్ము రేగి వరసగా తుమ్మాడు. ఆయన తుమ్ములు ఆగేదాకా మర్యాదగా నిలబడ్డాం. ఆ తరవాత గొర్రెలను బయటికి వదిలేశారు. మేం నీడలో కూర్చుని పేకాడాం. మాకు కత్తిరించిన గొర్రెకు ఇంత అని కూలి, కాబట్టి ఆ రోజు ఎవరికీ ఒక్క డాలరూ రాలేదు. మర్నాడు మళ్లీ ఓటు పెట్టాం. టోపీ పట్టుకున్నవాడు రోలీయే. మళ్లీ అన్నీ తడే.

ఇంకో గ్యాంగును తెప్పించుకుందామంటే చుట్టుపక్కల అందరూ పనుల్లో ఉన్నారు. ఎండకు ఈగలు ఉన్నిలో గుడ్లు పెడుతున్నాయి, ఆలస్యమైతే గొర్రెలకు పురుగు పడుతుంది. మూడోరోజు పొద్దున్నే హ్యూ మా బస దగ్గరికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"ఆవిణ్ణి పిలుచుకోండి. రాసుకున్నది రాసుకోనివ్వండి."

ఆ మాట అన్నాడో లేదో గొర్రెలు ఆరిపోయాయి.

నోలాను తీసుకురావడానికి నేనే వెళ్లాను. మెచ్చుకుంటుందని అనుకున్నాను, వెర్రివాణ్ణి కదా. జరిగింది విని తిట్టిపోసింది.

"ఎవడడిగాడ్రా మిమ్మల్ని? రెండ్రోజుల కూలి పోగొట్టుకుంటారా? విరెముకు పిల్లాడు పుట్టి నెల కాలేదు. బుద్ధి అనేది ఉందా మీకు?"

"లేదు" అన్నాను.

వ్యాను మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. దాచుకోలేదు. "కట్టుకున్నవాడు నా కోసం ఒక్క పూట కూడా పస్తుండలేదు క్లెమ్" అంది. నేను ఆమె కుర్చీలు మడిచి వ్యానులో పెట్టాను.

శనివారం మధ్యాహ్నం పని ముగిశాక మా బసలోకి వచ్చి చప్పట్లు కొట్టింది. "లేవండ్రా. స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు వేసుకోండి. టౌన్ హాల్‌కు పోతున్నాం."

"ఇంకా గొడవ చాల్లేదా నీకు?" అన్నాడు రోలీ.

"గొడవకు కాదు. పుస్తకం కొనడానికి. ఊరికే వచ్చిన పుస్తకాన్ని తిట్టి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. ఎంతైనా ఆవిడా కూర్చుని రాసిందే కదా."

హాలు నిండా జనం. టీ, కేకులు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు. మేం లోపలికి అడుగుపెట్టగానే అందరూ మా వైపు తిరిగారు. గ్యాంగులో అందరం తలా ఒక కాపీ కొన్నాం. ఎవరు ఎవరికి చెప్పారో గుర్తులేదు కానీ, వరసలో నిలబడేసరికి అందరం పుస్తకాలు తెరిచి ఒకే పేజీలో వేలు పెట్టుకుని ఉన్నాం. రోలీ కూడా.

ఫిలిప్పా బల్ల ముందు కూర్చుని సంతకాలు పెడుతోంది. వరసలో మొదట నోలా నిలబడింది, ఆమె వెనక నేను. ఫిలిప్పా తలెత్తి చూసింది. నవ్వు పోయింది. అయినా అందరూ చూస్తున్నారు కాబట్టి అడగక తప్పలేదు.

"ఎవరి పేరుకు రాయమంటారు?"

నోలా పుస్తకాన్ని తెరిచి ఆవిడ ముందు పెట్టింది. మొదటి పేజీ కాదు. వంటామె మొదటిసారి వచ్చే పేజీ.

"నా పేరు వద్దండి. ఇదిగో, ఇక్కడ ఈవిడకు పెట్టండి ఒక పేరు."

"పుస్తకం అచ్చయిపోయింది" అంది ఫిలిప్పా.

"చేతిలో పెన్నుంది కదా."

ఫిలిప్పా నోలాను దాటి నన్ను చూసింది, నా వెనక విరెమును చూసింది, గుమ్మందాకా ఉన్న మా వరసంతా చూసింది, అందరి చేతుల్లోనూ ఆ పేజీ చూసింది. పుస్తకం నోలా మొహాన కొడుతుందనుకున్నాను. కొడితే కొట్టనీ, మేం కదలం. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఏం పేరు పెట్టమంటారు?"

"మీ మనిషి, మీ ఇష్టం. నా పేరు మాత్రం పెట్టకండి, నేను అంత మంచిదాన్ని కాదు."

ఆవిడ 'వంటామె' అన్న మాటను కొట్టేసి, పైన ఐరిస్ అని రాసింది. ఒకసారి చదువుకుంది. కింది వాక్యంలో కూడా కొట్టేసి రాసింది. నోలా పుస్తకం తీసుకుని పక్కకు జరిగింది. నేను ముందుకెళ్లి నా కాపీ అదే పేజీ దగ్గర తెరిచి పెట్టాను.