కిన్నెరసాని పక్కన ఇరవై ఒక్క కిలోమీటర్లు

ఖమ్మంలో లకారం చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లలో చాలామందికి మా ఆవిడ విజయ తెలుసు. షుగరు వచ్చిందని నడక మొదలుపెట్టి, నడకను పరుగులోకి దింపి, యాభై దాటాక ఆరుగురు ఆడవాళ్ల జట్టుకు పెద్దయింది. చలికాలంలో హైదరాబాద్‌లో జరిగే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు వెళ్లాలని వాళ్ల పట్టుదల. లకారం చుట్టూ అంత దూరం తిరిగితే గానుగెద్దుకూ మనిషికీ తేడా ఉండదు. బైపాస్ రోడ్డు ఎక్కి చూశారు. బండ్ల మీద కుర్రాళ్లు వెనకాలే వచ్చి కూతలు కూస్తుంటే రెండు వారాలకే మానుకున్నారు.

"ఏదన్న పెద్ద చెరువు చూసిరా విజయక్కా. నువ్వు ఉరికి, మంచిగుందంటే మేమొస్తం. లేకుంటే పేర్లు ఇయ్యం" అని జట్టు తేల్చేసింది. పేర్లు ఇవ్వడానికి గడువు ఆ వారంతో ముగుస్తుంది. విజయ అప్పటిదాకా పదహారు కిలోమీటర్లు దాటి ఎన్నడూ పరుగెత్తలేదు.

నాది విత్తనాల దుకాణం. సత్తుపల్లి నుంచి బూర్గంపాడు దాకా నేను తిరగని రోడ్డు లేదని రోజుకొకసారైనా ఇంట్లో చెప్పుకుంటాను. అందుకని దారి చూపించే పెద్దరికం నేనే నెత్తికెత్తుకున్నాను. పాల్వంచ దగ్గర అడవి అంచున ఉన్న కిన్నెరసాని జలాశయం చుట్టూ తిరిగి రావచ్చని కూడా హామీ ఇచ్చాను.

శనివారం ఉదయం ఆరు గంటలకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి విజయకు జీరో టికెట్, నాకు పూర్తి ఛార్జీ. దైవదర్శనానికి వెళ్తున్న ఒక పెద్దావిడ విజయ పక్కన కూర్చుని, సంగతంతా రాబట్టింది.

"చెరువు చుట్టూ ఉరుకుడా? ఏం మొక్కినవమ్మా?"

"మొక్కు కాదమ్మా, షుగరు" అంది విజయ.

"షుగరుకు చేదు తినాలె గని ఉరుకుతరా" అని ఆవిడ చాలాసేపు బాధపడింది. కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు మాకు చెరో జామకాయ ఇచ్చింది.

తొమ్మిదిలోపే పాల్వంచలో దిగాం. బస్టాండుకు దగ్గర్లో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం అడిగితేనే ఇస్తారు. ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని ప్రాజెక్టుకు వెళ్లాం. దారికి రెండువైపులా చెట్లు, అక్కడక్కడా పత్తి చేలు. డ్యామ్ కట్ట మీదికి ఎక్కి నిలబడితే కళ్లకు ఆనినంత మేరా నీళ్లే. మధ్యలో పచ్చటి లంకలు, అవతల గుట్టలు.

కట్ట మీద దారి నున్నగా ఉంది గానీ పొట్టిది. పైగా కట్ట మీదికి వెళ్లే గేటు తెరిచే వేళకు ఎండెక్కుతుంది. కట్ట దాటాక ఏ బాట పట్టాలని అక్కడున్న అటవీశాఖ కాపలాదారును అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"చుట్టూ బాట యాడిది సార్? అడవి జంతువులుంటయ్. నీళ్లల్ల మొసళ్లుంటయ్. లోపలికి పోనియ్యం."

నా పెద్దరికం అక్కడికక్కడే నీళ్ల పాలైంది. విజయ వచ్చిన దారి వైపు తిరిగి చూసి, "చుట్టూ కాకపోతే పక్కనే. ఊరి చివరి నుంచి ఇక్కడికి వచ్చి, తిరిగి వెళ్తే దాదాపు సరిపోతుంది కదా" అంది. ఇది నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం యాకూబ్ అనే మెకానిక్ దగ్గర ఒక పాత మోపెడ్ కిరాయికి తీసుకున్నాను. "హారన్ ఒక్కటి మస్తు పనిచేస్తది సార్" అని చెప్పి ఇచ్చాడు. దాని మీటరు చూసుకుంటూ వెళ్లి ఇరవై ఒక్క కిలోమీటర్లకు ఎక్కడ బయలుదేరాలో గుర్తు పెట్టుకున్నాం.

ఆదివారం ఐదున్నరకు విజయ పరుగు మొదలుపెట్టింది. మంచు పట్టి ఉంది. నేను అరటిపండ్లు, గ్లూకోజు నీళ్లు, ఆమె ఫోను సంచిలో వేసుకుని మోపెడ్ మీద వెనకే వెళ్లాను. ఊరికే ఉండే అలవాటు నాకు లేదు. "మెల్లగా! నీళ్లు తాగు! ఆగు, ఆగమంటుంటే!" అని అరుస్తూ, వినకపోతే హారన్ కొడుతూ పోతున్నాను. ఆమె వెనక్కి చూడదు. చూస్తే ఊపు పోతుందట.

డ్యామ్‌కు వెళ్లే దారిలో సగం దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న పల్లె ఉంది. బోరింగు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. విజయ వాళ్ల ముందు నుంచి వెళ్తుంటే ఒక పొడుగాటి ఆవిడ "పో బిడ్డా, నువ్వు పో, మేం చూసుకుంటం" అంది. తనను ఉత్సాహపరుస్తున్నారనుకుని విజయ చెయ్యి ఊపి మరీ వెళ్లింది. మరుక్షణం ఆ ఆవిడ బిందెతో సహా నా మోపెడ్‌కు అడ్డం నిలబడింది.

"ఏందయ్యా, పెద్దమనిషి లెక్కున్నవ్. పొద్దుగాల్నే పెండ్లాన్ని గిట్ల తరుముతున్నవ్?"

"తరమడం లేదమ్మా, తోడు వెళ్తున్నా" అన్నాను.

"తోడు పోయేటోడు ఆగు ఆగు అని ఒర్రుతడా?" అంటూ తాళంచెవి లాగేసుకుంది. ఆవిడ పేరు లచ్చమ్మ అని తర్వాత తెలిసింది. ఆ పల్లెల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తేనో, ఇంట్లో గొడవైతేనో తప్ప నడివయసు ఆడమనిషి రోడ్డు మీద పరుగెత్తదు.

సంచి తెరిచి అరటిపండ్లు చూపించాను. "కొట్టి మళ్ల పండ్లు పెడ్తవా?" అంది ఇంకొకామె. హైదరాబాద్ పరుగు గురించీ, ఆడవాళ్ల జట్టు గురించీ చెప్పాను. "గెలిస్తే ఏమిస్తరు?" అని అడిగారు. మెడల్ అన్నాను. బంగారమా అంటే కాదన్నాను. నా కథ అంతటితో పూర్తిగా అబద్ధమైపోయింది.

"ఆమెకు షుగరుందమ్మా. తినేవన్నీ నా దగ్గరున్నయ్" అని బతిమాలాను. లచ్చమ్మ కొంచెం మెత్తబడింది గానీ తాళం ఇవ్వలేదు.

"ఈ తొవ్వ డ్యామ్ కాడికే పోతది. మళ్ల ఈడికెల్లే రావాలె. ఆమె వచ్చి చెప్తే ఇడుస్తం. కూసో."

నులకమంచం వేశారు, టీ ఇచ్చారు. ఖైదీకి మర్యాదలు బాగానే జరిగాయి. కానీ నాకు టీ దిగలేదు. ఆమె కళ్లు తిరిగి పడిపోయిందేమో, ఆ అడవి దారిలో ఒంటరిగా కూర్చుండిపోయిందేమో అని ఒకటే భయం. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె కోసం నేను అలా ఎదురుచూసింది లేదు, ఎప్పుడూ ఆమే చూసేది.

ఎండ చెట్ల మీదికి వచ్చింది. మలుపులో విజయ కనిపించింది. అదే అడుగు, అదే ఊపు, కాకపోతే మొహం కందిపోయి ఉంది. లచ్చమ్మ రోడ్డు మీదికి వెళ్లి ఆపింది.

"నిజం చెప్పు బిడ్డా. ఈయన నిన్ను తరిమిండా?"

విజయ నన్నూ, మంచాన్నీ, ఆవిడ చేతిలో తాళాన్నీ చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"ముప్పై ఏళ్లుగా తరుముతూనే ఉన్నారమ్మా. ఇవాళే అందలేదు."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, అప్పటికి నాకు ప్రాణం లేచొచ్చింది. డ్యామ్ దగ్గర టీ కొట్టు ఆవిడ నీళ్లూ, రెండు బిస్కెట్లూ ఇచ్చిందట. అరటిపండు తింటూనే విజయ నాతో అంది: "మీరు ముందు వెళ్లండి. వెనకాల వద్దు. హారన్ లేకపోయేసరికి ఎంత హాయిగా ఉందో."

లచ్చమ్మ తాళం ఇస్తూ విజయను అడిగింది. "మీవోళ్లు ఎంతమందొస్తరు? ఆదివారం బోరింగు కాడ మీకు నీళ్ల బిందె పెడ్తం. ఎవడన్న ఎంటవడితే ఈడనే ఆపుతం, మీరు పోతనే ఉండుండ్రి."

నేను ముందు వెళ్లి పాల్వంచ చివర నిలబడ్డాను. ఎనిమిదిన్నర దాటాక విజయ వచ్చి గుర్తు పెట్టుకున్న రాయి దాటి ఆగింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వంగి, తలెత్తి నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుకాణం తెరిచిన రోజున కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు చలికాలంలో వెళ్లండి. శనివారం రాత్రి పాల్వంచలో ఉండి, తెల్లవారగానే బయలుదేరండి. జలాశయం చుట్టూ తిరగాలన్న ఆశ వదులుకోండి. మగవాళ్లు బండి మీద వెంట వెళ్లేటట్లయితే ముందే పల్లెలో చెప్పుకోండి.

పదకొండు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. విజయ కిటికీ పక్కన కూర్చుని జట్టుకు ఫోన్ చేసింది. అలసట వల్లో ఆనందం వల్లో గొంతు బస్సంతా వినిపిస్తోంది.

"దారి దొరికింది. ఆరుగురి పేర్లూ ఇచ్చేయండి... భయమా? ఏం లేదు. అక్కడ ఆడమనిషి వెంట బండి వస్తే తాళం లాక్కుని కూర్చోబెడతారు. నా కళ్లారా చూశా."

ముందు సీటులోని మిర్చి రైతు వెనక్కి తిరిగి నన్ను పరిశీలనగా చూశాడు.

"కూసోబెట్టింది నిన్నేనా?"

"అవునండీ" అని నిటారుగా కూర్చున్నాను. "నన్నే."