కోదండరామయ్య బాబాయి చెకింగు

మా పెడన కలంకారీ షెడ్డులో కోదండరామయ్య బాబాయి పేరు చెబితే అద్దకం వాళ్లకు చెమటలు పట్టేవి. తయారైన తానులు చెక్ చేయడం ఆయన పని. గుమ్మంలో నిలబడి, గుడ్డను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఆవగింజంత రంగు చిందిందా, తాను మొత్తం డ్యామేజీ గుట్టలోకే! "ఈసారికి వదిలేయండి" అని ఎవరు బతిమాలినా వినేవాడు కాదు. సొంత భార్య రాజకుమారి పిన్ని అద్దిన తానును కూడా అందరి ముందూ గుట్టలో పడేసిన మహానుభావుడు. ఆ రోజు పిన్ని ఆయనకు అన్నం పెట్టింది గానీ కూర వేయలేదు.

రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ పరీక్షల వ్యాను మా వీధికి వచ్చింది. మామోగ్రామ్ అంటారు, ఎక్స్‌రే లాంటిదే.

"ఇంట్లో మనిషికి జబ్బుంటే నాకు తెలియదా? నా కన్ను దాటి ఏది పోయింది?" అన్నాడు బాబాయి.

పిన్ని ఆయన మాట ఎప్పుడు విన్నది గనక! పక్కింటి సరోజినితో కలిసి వెళ్లి తీయించుకుంది.

తర్వాత బందరు ఆస్పత్రికి రమ్మని ఫోను వచ్చింది. ఆ షెడ్డులోనే అచ్చులు చెక్కే నేనూ వాళ్లిద్దరికీ తోడు వెళ్లాను. ఫిల్మ్‌లో ఒకచోట సన్నటి తెల్ల చుక్కలు గుంపుగా ఉన్నాయి. చేతికి తగిలే గడ్డేమీ లేదు.

"సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలండీ. క్యాన్సరే అయితే తొందరగా పట్టుకున్నట్టే" అంది డాక్టరమ్మ.

బాబాయి ఫిల్మ్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూశాడు.

"ఇంతేనా తల్లీ! ఆవగింజలో సగం కూడా లేవు. మనిషి లక్షణంగా ఉంది. ఈసారికి వదిలేయండి."

ఓరి దేవుడోయ్, పెడన మొత్తం ఆయన్ని బతిమాలిన మాటే అది! నాకు నవ్వొచ్చింది. ఆయన మూసిన కన్ను కూడా తెరిచి ఫిల్మ్‌ను మళ్లీ మళ్లీ చూడటం గమనించాక ఆ నవ్వు కాస్తా పోయింది.

పిన్ని లేచి ఫిల్మ్ లాక్కుంది.

"నా గుడ్డ మీద చుక్క పడితే నలుగురిలో కడిగేశారు. నా ఒంట్లో చుక్కని వదిలేయమంటారా? నేను ముక్క తీయించుకుంటాను. మీరు బయట కూర్చోండి."

క్యాన్సరేనని తేలింది. మొదట్లోనే దొరికింది. ఆపరేషను, రేడియేషను అయ్యాక పిన్ని మళ్లీ అచ్చు పట్టింది.

మొన్న మళ్లీ మామోగ్రామ్ తీశారు. "ఏమీ లేదండీ, శుభ్రంగా ఉంది" అంది డాక్టరమ్మ. బాబాయి కుర్చీలోంచి కదిలితేనా!

"ఇంకోసారి చూడండమ్మా. ఆ మూల కూడా. ఏదీ వదిలేయకండి."

ఆవిడ ఓపిగ్గా మళ్లీ చూసి, ఏమీ లేదంది.

మర్నాడు పిన్ని అద్దిన తాను చెకింగుకు వచ్చింది. అంచున రంగు చిందింది, దూరంగా అచ్చులు చెక్కుతున్న నాకే కనిపించింది. బాబాయి గుడ్డ ఎత్తి, ఒక కన్ను మూశాడు. కాసేపటికి రెండు కళ్లూ తుడుచుకుని, మడతపెట్టి మంచి తానుల్లో పెట్టాడు. ఆయన బతుకులో మొదటిసారి!

పిన్ని ఊరుకుంటుందా? విసురుగా వచ్చి, ఆ తాను లాగి డ్యామేజీ గుట్టలో పడేసింది.

"చుక్క కనిపిస్తే వదిలేయొద్దని చెప్పానా లేదా?" అంది.