ఉఫ్ అత్త ఎక్కిన మెట్లు

ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చేసరికి పాప మంచం కింద ఉంది. ఆయాసం మందు వేసే మాస్కు కనబడితే చాలు, నాలుగేళ్ళ పిల్ల అక్కడికి దూరేది. నేనూ మా ఆయనా చెరో కాలూ పట్టుకుని లాగేవాళ్ళం. ఏడ్చే పిల్లకి మందు సరిగ్గా లోపలికి వెళ్ళదని చదువుకున్నదాన్నే. ఆ ఎగశ్వాస చూస్తే చదివిందంతా ఎగిరిపోయేది.

ఆవిడ మమ్మల్ని పట్టించుకోకుండా నేలమీద చతికిలబడి, సంచిలోంచి కన్ను ఊడిన గుడ్డబొమ్మని తీసి దాని మూతికి మాస్కు పెట్టింది.

"దీనికి ఆయాసం. మొండిఘటం, ఎవరి మాటా వినదు," అంది మంచం వైపు చూడకుండా. బొమ్మ తరఫున తనే ఉఫ్ ఉఫ్‌మని ఊపిరి పీలుస్తూ, ఊపిరికొక్కటి చొప్పున స్టూలు మీద స్పూనుతో పది దెబ్బలు కొట్టింది.

మంచం కిందనుంచి వినిపించింది: "రెండో కన్నేదీ?"

"మందు వద్దని ఏడ్చి ఏడ్చి ఎక్కడో పారేసుకుంది."

పాప పాక్కుంటూ బయటికొచ్చింది. ఉఫ్ అత్త అని పేరు పెట్టింది కూడా అదే. కొన్నాళ్ళకి మా మెట్ల వరసంతా ఆవిణ్ణి అలాగే పిలిచింది.

ఉఫ్ అత్త నర్సు కాదు. దిండ్లూ పరుపులూ కుట్టే చోట దూది కూరుతూ సగం వయసు గడిపింది. ఉబ్బసం ముదిరి మానేసింది. "నేను కూరిన పరుపుల మీద ఊరంతా పడుకుంది, నేను మాత్రం కూర్చుని తెల్లార్చాను," అనేది. ఆసుపత్రిలో ఆవిడకి వైద్యం చేసిన డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోంది. అది మందు మీద కాదు, మనుషుల మీద. ఆయాసం లేని రోజున కూడా వేసుకోవలసిన మందుని జనం ఎందుకు మానేస్తారు? ఎవరు చెబితే మానరు? డాక్టరు మాటకన్నా, అదే జబ్బు పడి కోలుకున్న మనిషి మాట వింటారేమోనని ఆమె కొందరు రోగుల్ని ఎంచి ఇళ్ళకు పంపింది. నియమం ఒకటే: నేర్పేవాళ్ళ ఆయాసం అదుపులో ఉండాలి. ఉఫ్ అత్త నవ్వుతున్న ఫొటోతో పోస్టరు కూడా వేశారు: 'నేను రోజూ వేసుకుంటాను. హాయిగా ఉన్నాను.'

మాది రెండో అంతస్తు. మూడో అంతస్తులో ఒకావిడ ఉండేది, ఆమె ఏడేళ్ళ కూతురికీ ఆయాసమే. "ఆడుకుంటున్న పిల్లకి రోజూ మందేంటండీ, అలవాటైపోదూ?" అని ఉఫ్ అత్తని నిలదీసింది.

"ఇల్లంటుకున్నాక బావి తవ్వుతావా తల్లీ? నన్ను చూడు. ఒకప్పుడు గుమ్మం దాటలేనిదాన్ని, నీ మూడంతస్తులూ ఎక్కి రాలేదూ?"

ఆ మాటకి పై ఇంటావిడ లొంగింది. ఆ మెట్లే రుజువు.

తరవాత ఎదురుగా ఉన్న పాత భవనాన్ని కూల్చడం మొదలుపెట్టారు. కిటికీలు మూసినా గచ్చు మీద దుమ్ము. ఒక రోజు తలుపు తీసేసరికి ఉఫ్ అత్త మెట్ల మలుపులో నిలబడి సంచిలో వెతుకుతోంది.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?"

"నా వయసు, అమ్మాయ్. ఇక్కడే ఎక్కడో జారిపోయింది."

నవ్వానుగానీ, మాటకీ మాటకీ మధ్య ఆవిడ గుండెలో సన్నటి పిల్లికూత వినబడింది. ఆ చప్పుడు నిద్రలో కూడా పోల్చుకోగలను.

"డాక్టరమ్మకి చెప్పండి. మోతాదు పెంచాలేమో."

"చెబితే ఇంట్లో కూర్చోబెడుతుంది. పై అమ్మ మందుని నమ్మి వేస్తోందనుకున్నావా? నా కాళ్ళని నమ్మి వేస్తోంది. నేను రొప్పుతూ కనబడ్డానో, ఆ పిల్లకి మందు కట్!"

నాకు మనసొప్పక డాక్టరమ్మకి ఫోను చేశాను. మర్నాడే ఆవిణ్ణి పిలిపించి, ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించింది. "కంగారుపడకండి, చక్కగా ఊదారు," అని నాకు చెప్పింది. అసలు సంగతి తరవాత తెలిసింది. గదిలోకి వెళ్ళేముందు ఉఫ్ అత్త ఆసుపత్రి మెట్ల కింద నిలబడి, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడే మందు పీల్చుకుందట. దాంతో ఛాతీలోని ఊపిరి గొట్టాలు కాసేపు తెరుచుకుంటాయి. ఊదినంతసేపూ బాగానే ఉంటుంది.

"నా మీద చాడీలు చెప్పావుటగా!" అని పాప ముందే ఎగతాళి చేసింది.

వాన కురుస్తున్న ఒక ఉదయం పైనుంచి కేక. పరుగెత్తాను. పై ఇంటావిడ గుమ్మంలో ఉఫ్ అత్త గోడకి జారగిలబడి ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి, పెదాలు నీలం. మాట రావడం లేదు. బొమ్మని పట్టుకుని ఆ ఇంటి పిల్ల నిలబడి చూస్తోంది.

బతికింది. వార్డులో మంచానికి ఎదురుగోడ మీద ఆవిడ పోస్టరే ఉంది. ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి అడిగింది:

"పై అమ్మ చూసిందా?"

"చూసిందత్తయ్యా."

ఎదురుగోడ వైపు వేలు చూపించింది. "ఆ పోస్టరు తీయించు. చూస్తే నవ్వొస్తోంది, నవ్వితే దగ్గొస్తోంది."

డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి, "నిజం చెప్పి ఉంటే మోతాదు మార్చి, తగ్గాక మళ్ళీ పంపేదాన్ని కదమ్మా," అంది. ఇక పంపలేనని వేరే చెప్పలేదు.

పై ఇంటావిడ మందు ఆపేసింది. "దీపం కిందే చీకటి. ఆవిడకే పనిచెయ్యనిది నా పిల్లకి చేస్తుందా?" అంది. దుమ్ముకి జబ్బు పెరిగిందనీ, పెరిగినప్పుడు మోతాదు మార్చుకోవాలనీ, అది దాచడంవల్లే ఇంతదాకా వచ్చిందనీ చెప్పాను.

"మీరు చదువుకున్నారు, మాటలొచ్చు. నేను చూసింది నేను చూశాను," అని తలుపేసుకుంది. అప్పట్నుంచి మా పైకప్పులోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఒంట్లో కాస్త ఓపిక రాగానే ఉఫ్ అత్త మళ్ళీ వచ్చింది, సంచి లేకుండా. ప్రతి మలుపులోనూ అందరికీ కనబడేలా ఆగింది. కుర్చీ వేస్తే వద్దంది. "కూర్చుంటే లేవను, అమ్మాయ్."

పైకి వెళ్ళి తలుపు తట్టింది. తియ్యలేదు. పాపని ఎత్తుకుని నేను కిందనుంచి చూస్తున్నాను.

"తల్లీ, తప్పు మందుది కాదు. బాగాలేదని చెప్పకపోవడం నా తప్పు," అంది మూసిన తలుపుతో. మెట్టు మీద కూలబడి, తన రోజువారీ మందు తీసి, గట్టిగా పీల్చి, ఊపిరి బిగబట్టింది. వేలి కణుపుతో తలుపు మీద కొట్టింది. టక్.

"ఒకటి," అంది లోపలినుంచి పిల్ల గొంతు.

టక్. "రెండు."

ఆరు దాకా వచ్చింది. "నోర్ముయ్, ఇటు రా!" అన్న అరుపుతో ఆ గొంతు ఆగిపోయింది.

ఉఫ్ అత్త పదీ కొట్టింది. ఊపిరి వదిలి, తలుపుకేసి చూస్తూ కూర్చుంది.

పాప నా చెవిలో అడిగింది: "ఇంకా నాలుగున్నాయి కదమ్మా, అక్క లెక్కపెట్టలేదేం?"